చేదుకట్టులోని రాయి

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు మార్గమున, ముత్యంపేట చెంత, కొండగట్టు అను గుట్ట గలదు. 2016 వఱకు కరీంనగరము జిల్లాలోనిదైన యీ స్థలము నేడు జగిత్యాల జిల్లా మల్యాల మండలమునకు చేరినది. గుట్టపై ఆంజనేయస్వామి వెలసియున్నాడు. లక్ష్మణుని మూర్ఛ తీర్చుటకై హనుమంతుడు సంజీవనీపర్వతమును కొనిపోవుచుండగా అందొక తునుక జారి యిచట పడెననియు, అదియే కొండగట్టనియు మా ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. మఱియొక కథ ప్రకారము సింగం సంజీవుడను కాపరి మందనుండి తప్పిపోయిన పశువును వెదకుచు వచ్చి, స్వప్నమున స్వామి యానతిని పొంది, విగ్రహమును కనుగొని, చిన్న గుడి కట్టెనట. ఒకటి మందుల కొండ కథ, రెండవది పశువుల కాపరి కథ. ఈ రెండును నేను నేడు చెప్పబోవు విషయమునకు దగ్గఱివే.

పశువు కడుపులో పుట్టెడి రాయిని మనవారు చిరకాలమునుండి యెఱుగుదురు. దాని పేరు గోరోచనము. ఆవుయొక్క పిత్తాశయములో గట్టిపడిన పసుపుపచ్చని యీ గడ్డను మన పూర్వులు తిలకములో కలిపిరి, పసిబిడ్డలకు అరగదీసి నాకించిరి, బంగారముతో సమానముగ దాచుకొనిరి. గర్వించినవానిని జూచి "వానికి గోరోజనమెక్కువ" అనుటయు మన వాడుకలో నున్నదే. పశువు కడుపులోని రాతికి ఇంత గౌరవము చేసినవారము, మనుష్యుని కడుపులోని అట్టి రాతిని గూర్చి చాలకాలము తలపనైన తలపలేదు. ఆవుకు పుట్టిన రాయి మందైనది. ఆడుదానికి పుట్టిన రాయి వాతమైనది, దిష్టియైనది, గాలియైనది.

ఈ మాట నేను పుస్తకములు చదివి మాత్రమే చెప్పుటలేదు. మా మేనత్త కొండగట్టు స్వామికి పరమభక్తురాలు. మంగళ శనివారములలో ఆమెకు ఉపవాసము. 1987వ సంవత్సరమున హనుమజ్జయంతికి మా కుటుంబమంతయు గుట్టకు పోయి, వంటలు చేసికొని, నేతి పూర్ణములు తిని, రాత్రి సత్రములో పండుకొంటిమి. నడిరేయి ఆమె కుడిప్రక్క డొక్కక్రింద చేయి పెట్టుకొని, మోకాళ్లపై వంగి, నోట కొంగు కుక్కుకొని కూర్చుండుట నేను చూచితిని. దగ్గఱకు పోగా, "ఏం లేదు బిడ్డా, వాతము పట్టింది. జరసేపటికి పోతది" అనెను. నిజముగనే తెల్లవారుసరికి పోయెను. ఆ పిమ్మట పదునొకండేండ్లు అది వచ్చుచును పోవుచును ఉండెను. పండుగనాటి రాత్రులందే వచ్చుట, ఉపవాసము చేసిననాడు రాకుండుట ఆమె గమనించెను. గమనించి, ఉపవాసముచేతనే తగ్గుచున్నదని నమ్మి, ఉపవాసములను పెంచెను. 1998లో రాయి నాళములోనికి జారెను. కన్నులు పచ్చబడెను, చలిజ్వరము వచ్చెను. పట్టణమునకు తీసికొనిపోవుసరికి విషము రక్తమున కెక్కినది. మూడవనాడు ఆమె పోయెను. తప్పు స్వామిది కాదు, వైద్యునిది కాదు, ఇంటిలోని మాది. పదునొకండేండ్లలో ఒక్కరమైనను "నొప్పి యెచట? ఎప్పుడు? ఏమి తిన్న పిదప?" అని అడిగినవారము కాము.

ఆ ప్రశ్నలను లోకమెట్లు అడుగ నేర్చుకొన్నదో తెలిసికొందము. అదియే యీ రాతి చరిత్ర.

చేపలు కోయు స్త్రీలకు చేదుకట్టు అను మాట తెలియును. చేపను కడుగునపుడు ఆకుపచ్చని యా చిన్న సంచి చితికినచో కూరయంతయు చేదగును. అందుచే జాగ్రత్తగ తీసి పాఱవైతురు. మనుష్యునకును అట్టి సంచియే కాలేయముక్రింద అంటుకొని యుండును. దాని పొడవు ఏడు మొదలు పది సెంటీమీటర్లు. అందు పట్టునది ముప్పదినుండి యేబది మిల్లీలీటర్ల ద్రవము. కాలేయము దినమునకు అరలీటరు మొదలు లీటరువఱకు పైత్యరసమును పుట్టించును. ఆ రసము లేనిచో మనము తిన్న నేయి, నూనె అరగవు. భోజనము లేని వేళ రసము సంచిలో చేరి నిలువయుండును. భోజనమైన పిమ్మట సంచి ముడుచుకొని ప్రేగులోనికి వదలును.

ఇది నేడు బడిపిల్లలకును తెలిసిన సంగతియే. కాని దీనిని తెలిసికొనుటకు రెండువేల యేండ్లు పట్టినది. యవనదేశపు అరిస్టాటిలు గుఱ్ఱము మొదలగు కొన్ని జంతువులకు ఈ సంచియే లేదని గుర్తించెను. గాలెను మొదలగువారు శరీరమున నాలుగు ద్రవములు గలవనియు, పచ్చపైత్యము అందొకటి యనియు బోధించిరి. మన యాయుర్వేదము వాత పిత్త కఫములను చెప్పినది. ఈ రెండు శాస్త్రములును పిత్తమును గుణముగ, స్వభావముగ విచారించినవి. సంచిని విప్పి చూచుట వాని మార్గము కాదు. మన శాస్త్రములలో అన్నియు గలవని చెప్పువారు సుశ్రుతుని పైత్తికాశ్మరిని ఉదాహరింతురు. ఆ ప్రకరణమును మూలమున చదివినవారికి తెలియును: అది మూత్రాశయములోని రాతియొక్క ఒక భేదమేకాని పిత్తాశయపు రాయి కాదు. మూత్రాశ్మరిని కోసి తీయు విధమును అంత స్పష్టముగ వ్రాసిన మహనీయునకు, ఆయన చెప్పనిదానిని కూడ అంటగట్టుట గౌరవము కాదు.

రాయి మాత్రము అంతకంటె ప్రాచీనము. ఈజిప్టుదేశమున సుమారు మూడువేల యేండ్లక్రిందటి అమును దేవుని అర్చకురాలి శవములో పిత్తాశయమును, అందు ముప్పదివఱకు రాళ్లును కనబడినవి. ఆ శవభాగమును లండనులోని శస్త్రవైద్యకళాశాల ప్రదర్శనశాలలో ఉంచిరి. 1941 నాటి బాంబుల దాడిలో అది నశించెను. అర్చకురాలికిని రాయి తప్పలేదు, మా మేనత్తకును తప్పలేదు.

ఐరోపాలో శవపరీక్షకు అనుమతి దొరకిన పిమ్మటనే వైద్యులు ఈ రాళ్లను కన్నులార చూడగల్గిరి. ఫ్లోరెన్సు నగరపు బెనివియెని అను వైద్యుడు పదునేనవ శతాబ్దిలో తాను రోగముతో చచ్చినవారి శరీరములలో చూచిన రాళ్లను గూర్చి వ్రాసిపెట్టెను. ఆ గ్రంథము 1507లో ప్రకటింపబడెను. 1654లో ఇంగ్లండున గ్లిస్సను కాలేయపు నిర్మాణమును సమగ్రముగ వర్ణించెను. అదే శతాబ్దిలో ఇటలీదేశపు జాంబెక్కారి కుక్కలకు పిత్తాశయమును తీసివైచి, అవి బ్రదుకుట చూచెను. ఈ అవయవము లేకున్నను ప్రాణము నిలుచునను ముఖ్యసత్యము అప్పుడే తెలిసినది; కాని దానిని మనుష్యుని మేలునకు వినియోగించుటకు ఇంకను రెండువందల యేండ్లు పట్టినది.

ఈలోపల రసాయనశాస్త్రజ్ఞులు రాతిని పొడిచేసి పరీక్షించిరి. ఆ రాళ్లనుండి తెల్లని మైనమువంటి పదార్థము లభించినది. 1815 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు షెవ్రుయి దానికి పైత్యరసము, గట్టి అను అర్థములుగల గ్రీకుపదములను జోడించి పేరు పెట్టెను. అదియే నేడు ఇంటింట భయపడుచు పలుకుచున్న కొలెస్టరాలు. గుండెజబ్బు మాటలలో వినబడు ఈ పేరు నిజమునకు పిత్తాశయపు రాతిలో పుట్టినదని ఎందఱికి తెలియును?

రోగము తెలిసినను కడుపు కోయుట కెవరికిని ధైర్యము చాలలేదు. నొప్పి తెలియకుండ చేయు ఈథరు 1846లోను, క్లోరోఫారము 1847లోను వాడుకలోనికి వచ్చినవి. పుండు కుళ్లకుండ చేయు లిస్టరు పద్ధతి 1867లో వెలువడినది. అదే 1867లో అమెరికాలోని ఇండియానాపొలిసు నగరమున బాబ్సు అను వైద్యుడు ఒక స్త్రీ పిత్తాశయమును తెఱచి రాళ్లను తీసి మరల కుట్టెను. 1882 జూలై 15వ తేదీన బెర్లిను నగరమున లాంగెన్‌బుకు అను వైద్యుడు, పదునాఱేండ్లుగ బాధపడుచున్న నలుబదిమూడేండ్ల పురుషునికి పిత్తాశయమునే తీసివైచెను. రోగి బ్రదికెను, బాధ పోయెను. ఆయన వాదము సరళమైనది: సంచిలో రాళ్లున్నవని కాదు, సంచియే రాళ్లను పుట్టించుచున్నదని దానిని తీసివేయవలెను.

ఈ ఘట్టమున మన హైదరాబాదు పేరును చెప్పవలసియున్నది. కడుపు కోయుటకు క్లోరోఫారము ప్రాణాధారము. కాని దానిచేత కొందఱు బల్లపైననే చనిపోవుచుండిరి. హైదరాబాదు వైద్యపాఠశాలాధిపతి ఎడ్వర్డు లారీ ఈ మరణములకు కారణమును కనుగొన బూని, 1888, 1889 సంవత్సరములలో రెండు పరిశోధక సంఘములను నడపెను. నిజాము మహబూబు అలీఖాను ధనమిచ్చి, లండనునుండి లాడరు బ్రంటను అను ప్రఖ్యాత శాస్త్రజ్ఞుని రప్పించెను. వందలకొలది జంతువులను పరీక్షించి, క్లోరోఫారము ముందుగ ఆపునది ఊపిరినే కాని గుండెను గాదు గావున ఊపిరిని మాత్రము కనిపెట్టియుండిన చాలునని వారు తీర్మానించిరి. లోకమంతయు హైదరాబాదును మెచ్చుకొనినది. కాని 1911లో ఇంగ్లండున లెవీ అను వైద్యుడు, క్లోరోఫారము కొన్ని స్థితులలో గుండెనే అకస్మాత్తుగ ఆపగలదని నిరూపించెను. హైదరాబాదు తీర్మానము పూర్ణసత్యము కాదని తేలెను. ఇందు మనము సిగ్గుపడవలసినది లేదు. ప్రయోగమును వ్రాసి ప్రకటించినందుననే దానిలోని లోపమును మఱొకరు దిద్దగల్గిరి. చెప్పకుండ దాచిన అభిప్రాయమును దిద్దువాడెవడు? ఇంటిలో దాచిన నొప్పికిని ఇదే గతి.

సంచియొక్క పనిని తెలిసికొనుట ఇరువదవ శతాబ్దిలో జరిగినది. 1921లో అమెరికాలో రౌసు, మెక్‌మాస్టరు అనువారు, కాలేయము పంపిన పలుచని రసమునుండి నీటిని పీల్చి సంచి దానిని చాలరెట్లు చిక్కబఱచునని చూపిరి. పాలను కాచి కోవా చేసినట్లే యిది. అందుచేతనే చిన్నసంచి పెద్దపని చేయగల్గుచున్నది. 1924లో గ్రాహాము, కోలు అనువారు ఒకవిధమైన మందును రక్తములోనికి పంపి, అది సంచిలో చేరిన పిమ్మట ఎక్సురే తీసి, బ్రదికియున్న మనుష్యుని పిత్తాశయమును మొదటిసారి చిత్రములో చూపిరి. 1928లో ఐవీ, ఓల్డ్‌బెర్గు అనువారు, క్రొవ్వుగల యాహారము ప్రేగులోనికి చేరగనే అచటినుండి ఒక రసాయనదూత రక్తముద్వారా వచ్చి సంచిని ముడుచుకొమ్మని చెప్పునని కనుగొనిరి. మా మేనత్తకు నేతి పూర్ణముల రాత్రి నొప్పి యేల వచ్చెనో ఇప్పుడు తెలియుచున్నది. దూత ఆజ్ఞ తెచ్చెను, సంచి ముడుచుకొనెను, రాయి ద్వారమున అడ్డుపడెను.

ఇక రాయి యెట్లు పుట్టును? పందొమ్మిదవ శతాబ్దాంతమున జర్మనీదేశపు నౌనిను, రసము నిలిచిపోవుటయు, అందు క్రిములు చేరుటయు కారణములని చెప్పెను. కొన్ని రాళ్లకు అది నిజమే. 1968లో అడ్మిరాండు, స్మాలు అనువారు ఇంకను లోతునకు పోయిరి. కొలెస్టరాలు నీటిలో కరగదు. పైత్యలవణములును, లెసితిను అను పదార్థమును కలిసి దానిని పట్టుకొని రసములో తేల్చుచుండును. ఈ మూటి పాలు ఒక పరిమితిలో నున్నంతవఱకు రసము తేటగ నుండును. కొలెస్టరాలు మితిమీరినచో పలుకులుగ పేరును. పాకము ముదిరిన చక్కెర గిన్నె యడుగున పలుకు కట్టుట చూడని గృహిణి యెవరు? పాకమును కలియబెట్టక నిలువయుంచిన కొలది పలుకు ఎక్కువగును. అట్లే సంచి సరిగ ముడువక రసము నిలిచినచో రాయి పెరుగును.

స్త్రీలకు ఈ రోగము పురుషులకంటె రెండు మూడు రెట్లు ఎక్కువ. వారి శరీరమందలి ఒక హార్మోను రసములో కొలెస్టరాలును పెంచును. గర్భకాలమున పెరుగు మఱొక హార్మోను సంచి కదలికను మందగింపజేయును. దీర్ఘోపవాసము, కొలదికాలములో అతిగ చిక్కిపోవుట కూడ సంచిని కదలనీయవు. ఒక ఏకాదశిచేత రాయి పుట్టునని నేననను. భక్తిని ఖండించుటయు నా పని కాదు. కాని మా మేనత్త ఏ ఉపవాసమును మందని నమ్మెనో, అది నొప్పిని ఆ రాత్రికి ఆపుచు, రాతిని ఏటికేడు పెంచుటకు తోడ్పడియుండవచ్చునని తలచుకొన్నపుడు నాకు నిద్రపట్టదు.

రాళ్లన్నియు ఒకేజాతివి కావు. 1968లో మల్హోత్రా అను రైల్వేవైద్యుడు దేశములోని రైల్వే ఉద్యోగుల లెక్కలు తీసి, ఈ రోగము దక్షిణదేశమునకంటె ఉత్తరదేశమున ఏడురెట్లు ఎక్కువయని చూపెను. ఉత్తరమున కొలెస్టరాలు రాళ్లు హెచ్చుగను, దక్షిణమున రక్తవర్ణమునుండి పుట్టిన నల్లని, గోధుమవన్నె రాళ్లు హెచ్చుగను కనబడినట్లు పెక్కు పరిశోధనలు చెప్పినవి. ఆహారము మాఱుచున్న కొలది ఈ భేదము తగ్గుచున్నది. దీనివలన కలుగు ప్రయోజన మేమనగా: 1972లో అమెరికాలో ఒక పైత్యామ్లముతో రాయి కరగునని కనుగొనిరి, నేడు దానికంటె మేలైన మాత్రలు గలవు. కాని అవి కరగించునది చిన్నవగు కొలెస్టరాలు రాళ్లనే. నల్లరాళ్లను కరగింపలేవు, కరగినవియు తిరిగి పుట్టుట కలదు. కావున పొరుగింటివారికి కరగెనని మనమును మాత్రలు మ్రింగుచు కాలము గడుపుట వివేకము కాదు.

నల్లరాళ్ల సంగతి మన ఆదిలాబాదు సీమకు మఱింత ముఖ్యము. అచటి గోండు మొదలగు జాతులలో కొందఱికి కొడవలికణముల రోగము వంశపారంపర్యముగ కలదు. వారి యెఱ్ఱకణములు కాలముతీరకమునుపే చితికిపోవును. వానినుండి వెలువడు పచ్చని వర్ణద్రవ్యము పైత్యరసములో మితిమీరి రాయి కట్టును. అందుచే పెద్దలకు వచ్చు రోగము అచట పది పదునైదేండ్ల పిల్లలకును వచ్చును. ఈ కణరోగమును వెదకి నివారించుటకై 2023 జూలై 1వ తేదీన దేశవ్యాప్తమైన ప్రభుత్వోద్యమము ప్రారంభింపబడినది. బడిలో కడుపునొప్పి యని ముడుచుకొని కూర్చున్న గోండుపిల్లను చూచి "పాఠము తప్పించుకొను నెపము" అని గద్దించు ఉపాధ్యాయుడు, ఆ పిల్ల కన్నులలోని పచ్చదనమును ఒకసారి చూచుట మంచిది. ఉపాధ్యాయుడనైన నేనే యీ మాట చెప్పుచున్నాను.

చికిత్సయు మాఱినది. 1974లో జర్మనీలోను, జపానులోను నోటిగుండ గొట్టము పంపి, నాళపు ద్వారమును కొంచెము కోసి, జారిన రాతిని తీయు విధమును కనుగొనిరి. 1985 సెప్టెంబరు 12వ తేదీన జర్మనీదేశపు మ్యూహె, కడుపును వెడల్పుగ కోయక చిన్న రంధ్రములగుండ పిత్తాశయమును తీసెను. తోడివైద్యులు మొదట ఆయనను ఎగతాళి చేసిరి. కొన్ని యేండ్లకు సన్మానించిరి. 1990లో బొంబాయిలో ఉద్వాడియా అను వైద్యుడు ఆ పద్ధతిని మనదేశమునకు తెచ్చెను. హైదరాబాదులో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి స్థాపించిన జీర్ణకోశవైద్యసంస్థ గొట్టపు చికిత్సలో లోకప్రసిద్ధి గాంచినది. ఆయనకు 2025లో పద్మవిభూషణ బిరుదు లభించినది. మా మేనత్త చనిపోయినది 1998లో. అప్పటికి ఎనిమిదేండ్లుగ చికిత్స మనదేశమున ఉన్నది. లేనిది చికిత్స కాదు. నొప్పిని నోటితో చెప్పు అలవాటు.

ఇంత చెప్పిన పిమ్మట రెండవవైపు ప్రమాదమును గూడ చెప్పనిచో అన్యాయమగును. నేడు ధ్వనితరంగముల పరీక్ష ప్రతి చిన్న పట్టణమునను గలదు. వేఱొక రోగమునకై పరీక్ష చేయించుకొన్నవారికి పిత్తాశయములో రాయి కనబడుట సామాన్యమైనది. కనబడగనే కోయుడని తొందరపడువారును, కోయించుకొనుటకు పరుగెత్తువారును గలరు. 1982లో అమెరికాలోని మిషిగను విశ్వవిద్యాలయపు ఉద్యోగులలో బాధలేని రాళ్లుగల 123 మందిని చాలయేండ్లు కనిపెట్టి చూచిన వైద్యులు, పదునైదేండ్లలో నూటికి పదునెనమండ్రకు మాత్రమే నొప్పి వచ్చెనని ప్రకటించిరి. ఊరక నిద్రించు రాతిని సాధారణముగ లేపనక్కఱలేదు. ఏ రాతిని విడువవచ్చునో, దేనిని విడువరాదో నిర్ణయించుట పరీక్షించిన వైద్యుని పని. నొప్పి యొకసారి వచ్చినచో మాత్రము అది మరల వచ్చుటయే హెచ్చు.

రాత్రివేళ నూనెను నిమ్మరసముతో త్రాగిన రాళ్లు పడిపోవునని చెప్పు గృహవైద్యము కూడ వ్యాపించియున్నది. మఱునాడు ఆకుపచ్చని గడ్డలు పడుటయు నిజమే. 2005లో న్యూజిలాండు వైద్యులు ఒక స్త్రీ తెచ్చిన అట్టి గడ్డలను పరీక్షింపగా, అందు కొలెస్టరాలు లేదు, పైత్యవర్ణము లేదు. త్రాగిన నూనెయే కడుపులో సబ్బువలె గట్టిపడెను. రాళ్లు సంచిలో యథాస్థానముననే యుండెను. మోసపుచ్చుటకు మోసగాడే యుండనక్కఱలేదు. మన ఆశయే చాలును.

చదువరులారా! కుడిడొక్కక్రిందగాని, నడికడుపునగాని, క్రొవ్వుగల భోజనము పిమ్మట పుట్టి, కుడిభుజమువైపు ప్రాకి, కొన్ని గంటలు నిలుచు నొప్పి వాతమని తేలికగ త్రోసివేయదగినది కాదు. దానితో జ్వరమును, కన్నుల పచ్చదనమును చేరినచో ఒక్క రాత్రియు ఆగరాదు. మన యిండ్లలోని స్త్రీలు అందఱికి వడ్డించి, చివర తిని, నొప్పిని కొంగుతో కప్పుకొనుటను సహనమని మనము మెచ్చుకొనుచున్నాము. ఆ మెప్పు వారి ప్రాణములకు ఎంత వెలయో లెక్కించినవారము కాము.

నేను నేటికిని ఏటికొకసారి కొండగట్టునకు పోవుచున్నాను. సంజీవని తునుక అచట పడెనను కథ నాకు ప్రియమైనదే. అందు నాకు తోచునది యిది: ఏ మూలిక యేదో తెలియనపుడు హనుమంతుడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు; రాత్రికి రాత్రి కొండనే పెకలించి వైద్యుని యొద్దకు తెచ్చెను. లక్ష్మణుని నొప్పి వాతమని యెవ్వరును అనలేదు. ఆ స్వామి భక్తులమైన మనము మన యింటిలోని ఆడుబిడ్డకు నొప్పి వచ్చిననాడు అంతటి తొందరలో నూఱవపాలు చూపినను చాలును.